నోటిపూత వంశపారంపర్యమా?

ఇడ్లీ ముక్కను కారప్పొడిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంటారు. మరుక్షణమే "అబ్బా!" అని దవడ పట్టుకుంటారు. అద్దం ముందు నిలబడి కింది పెదవి మడిచి చూసుకుంటే లోపల మిరియపు గింజంత గుండ్రని పుండు కనిపిస్తుంది. మధ్యలో తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. పోయిన నెలలోనే ఒకటి వచ్చి మానింది. ఇప్పుడు మళ్ళీ!

ఇక ఇంట్లో వైద్యులకు కొదవేముంది? "వేడిచేసి ఉంటుంది, మజ్జిగ తాగు" అంటుంది అమ్మ. "నాలుగు రోజులు బి కాంప్లెక్సు మాత్రలు వేసుకుంటే అదే తగ్గుతుంది" అంటారు నాన్న. మూల కూర్చున్న నాయనమ్మ మాత్రం తాపీగా, "ఏం చేసినా అంతే! మీ తాతయ్యకూ ఇలాగే నోరు పూసేది. మీ నాన్నకూ చిన్నప్పుడు ఇంతే. ఇది మన వంశంలోనే ఉంది" అని తేల్చేస్తుంది.

నాయనమ్మ మాటలో నిజమెంత? వినడానికి చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కాని దీనికి జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులకు యాభై ఏళ్ళకు పైగా పట్టింది. పైగా జవాబు తప్పయితే నష్టం మనకే. "వంశంలో ఉంది" అని సరిపెట్టుకుంటే, తేలికగా నయమయ్యే లోపాన్ని కూడా తలరాత అనుకుని ఏళ్ళ తరబడి భరిస్తాం. అందుకే శాస్త్రజ్ఞులు నడిచిన దారిలో మనమూ ఒక్కొక్క అడుగే వేసి చూద్దాం.

ఏమిటీ పుండు?

మన నోటి లోపలి గోడలను తడిగా, మెత్తగా ఉండే పలుచని పొర ఒకటి కప్పి ఉంటుంది. దీనిని శ్లేష్మపు పొర అంటారు. అంగిలి ముందుభాగంలోను, పళ్ళను అంటిపెట్టుకున్న చిగుళ్ళమీద ఈ పొర గట్టిగా ఉంటుంది. పెదవుల లోపల, బుగ్గల లోపల, నాలుక అడుగున మెత్తగా ఉంటుంది. మాటిమాటికీ వచ్చే నోటి పుండ్లు ఎక్కువగా ఈ మెత్తని చోట్లనే పుడతాయి. ఆ చోట పైపొర కణాలు నశించి చిన్న గుంట పడుతుంది. కింద ఉన్న నరాల కొనలు బయటపడటం వల్లనే ఉప్పు, కారం తగిలితే ప్రాణం పోయినట్లుంటుంది.

వైద్యులు వీటిని "ఆఫ్తే" అంటారు. ఇది గ్రీకు మాట. క్రీస్తుకు పూర్వం గ్రీసు దేశపు వైద్యుడు హిప్పొక్రాటీసు కాలంనుంచీ వాడుకలో ఉంది. ఈ పుండ్లు మూడు రకాలు. నూటికి ఎనభై మందిలో కనిపించేవి చిన్న పుండ్లు. ఇవి సెంటీమీటరుకన్నా తక్కువ వెడల్పుంటాయి. పది, పధ్నాలుగు రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా మానిపోతాయి. రెండో రకం సెంటీమీటరు దాటిన పెద్ద పుండ్లు. వీటికి వారాలు పడుతుంది, మచ్చ కూడా మిగలవచ్చు. మూడో రకంలో ఆవగింజల్లాంటి చిన్న పుండ్లు పదులకొద్దీ ఒకేసారి పుడతాయి.

ఇక్కడొక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇది అంటువ్యాధి కాదు. ఫలానా సూక్ష్మజీవి వల్ల ఈ పుండ్లు వస్తాయని రుజువు కాలేదు. హెర్పిస్ అనే వైరస్ వల్ల పెదవి అంచున నీటి పొక్కులు వస్తాయి, అవి అంటుకుంటాయి. ఈ రెండూ వేరు. నోటిపూత వచ్చిన స్నేహితురాలి పక్కన కూర్చుని అన్నం తినడానికి వెనుకాడితే ఆమె మనసు నొచ్చుకుంటుందే తప్ప మనకు ఒరిగేదేమీ లేదు.

పోలిక చూసి మోసపోవద్దు

తాతయ్యకు, నాన్నకు, మనకు, ముగ్గురికీ ఉంది కదా, ఇంకేం రుజువు కావాలి అనిపిస్తుంది. తొందరపడకండి. కాస్త లెక్క వేద్దాం.

నోటిపూత చాలా సాధారణమైన బాధ. స్థూలంగా నూటికి ఇరవై మందికి ఉంటుందనుకుందాం. అంటే ఒక మనిషికి ఇది లేకపోయే అవకాశం 0.8. మీ ఇంట్లో మీరు కాక మరో నలుగురు ఉన్నారు. వంశంతో ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. అప్పుడు ఆ నలుగురిలో ఒక్కరికి కూడా నోటిపూత లేకపోయే అవకాశం 0.8 × 0.8 × 0.8 × 0.8, అంటే 0.4096. అంటే నలుగురిలో కనీసం ఒకరికైనా ఉండే అవకాశం సుమారు 0.59. వంశంతో ఏ సంబంధమూ లేకపోయినా, నోటిపూత ఉన్న వందమందిలో యాభైతొమ్మిది మంది "మా ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంది" అంటారన్నమాట!

చూశారా? సాధారణంగా అందరికీ వచ్చే బాధ ఒక ఇంట్లో ఇద్దరికి కనిపించడం గొప్ప రుజువేమీ కాదు. జలుబు కూడా ఇంటిల్లిపాదికీ వస్తుంది. కాబట్టి ఒక్క ఇంటిని చూస్తే చాలదు. ఎన్నో ఇళ్ళను చూడాలి. చూసి పోల్చాలి.

తల్లిదండ్రులు, కవలలు

అమెరికాలో అర్విన్ షిప్ అనే పరిశోధకుడు ఈ పనికి పూనుకున్నాడు. నోటి పుండ్ల అనువంశికతపై ఆయన వ్యాసం 1965లో వెలువడింది. ఆయన, ఆయన సహచరులు విద్యార్థులను, వారి కుటుంబాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. తల్లిదండ్రులిద్దరికీ నోటిపూత ఉన్న ఇళ్ళు ఒక పక్క, ఇద్దరికీ లేని ఇళ్ళు ఒక పక్క పెట్టి పోల్చారు. ఇద్దరికీ ఉన్న ఇళ్ళలో పిల్లలకు వచ్చే అవకాశం నూటికి తొంభై దాకా ఉందని, ఇద్దరికీ లేని ఇళ్ళలో అది ఇరవై దగ్గరే ఉందని తేలింది. ఇంత తేడా కాకతాళీయం కాదు. ఇళ్ళలో ఏదో పారంపర్యంగా వస్తూనే ఉంది.

కాని ఆ "ఏదో" జన్యువులేనా? ఇక్కడ చిక్కుంది. తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చేవి జన్యువులొక్కటే కావు. ఒకే కుండలో వండిన అన్నం తింటాం. ఒకే రకం కూరలు తింటాం. ఆకుకూరలు అరుదుగా వండే ఇంట్లో అందరికీ అవి అరుదే. ఇంట్లో కష్టాలుంటే ఆ దిగులు అందరికీ ఉంటుంది. వంశం వేరు, వంటిల్లు వేరు. ఈ రెండింటినీ విడదీయడం ఎలా?

ఇందుకు ప్రకృతే ఒక ఉపాయం చూపింది: కవలలు. కవలలు రెండు రకాలు. ఒకే అండం ఫలదీకరణం చెంది, తరువాత రెండుగా చీలి ఇద్దరు బిడ్డలైతే వారు సమరూప కవలలు. వారిద్దరి జన్యువులూ ఇంచుమించు అచ్చు గుద్దినట్లు ఒకటే. రెండు వేర్వేరు అండాలు ఫలదీకరణం చెందితే పుట్టినవారు అసమరూప కవలలు. వీరు ఒకే కాన్పులో పుట్టినా మామూలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వంటివారే. సగటున సగం జన్యువులే పంచుకుంటారు. ఏ రకం కవలలైనా పెరిగేది మాత్రం ఒకే ఇంట్లో, తినేది ఒకే వంట. కాబట్టి సమరూప కవలల్లో ఇద్దరికీ నోటిపూత ఉండటం, అసమరూప కవలల్లోకన్నా ఎక్కువగా కనిపిస్తే ఆ తేడా జన్యువులదే అనాలి.

మిల్లర్, షిప్, వారి సహచరులు 1977లో ప్రకటించిన కవలల పరిశీలనలో సరిగ్గా ఇదే కనిపించింది. సమరూప కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి కూడా ఉండటం చాలా ఎక్కువ. జన్యువుల పాత్ర ఉందని అలా తేలింది. ఇక మిగిలింది ఏ జన్యువులు, ఏం చేస్తాయి అన్న ప్రశ్న.

కాపలాదారు తొందరపాటు

దీనికి ముందు పుండు ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయని పాఠాల్లో చదువుకున్నారు. వాటిలో టి కణాలు ఒక తెగ. శరీరంలో చొరబడిన క్రిములను, క్రిములు సోకిన కణాలను గుర్తించి నాశనం చేయడం వాటి పని. ఊరి కాపలాదారు ఈల వేసినట్లు ఈ కణాలు ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్లు అనే ప్రోటీన్లు అలాంటి సంకేతాలే. కొన్ని "దాడి చేయండి" అంటాయి. కొన్ని "ఇక చాలు, ఆగండి" అంటాయి.

నోటిపూత వచ్చేవారిలో ఈ లెక్క కొంచెం తప్పుతుంది. అన్నం తింటూ బుగ్గ కొరుక్కుంటారు. లేదా పళ్ళు తోముకునేటప్పుడు బ్రష్షు గీరుకుంటుంది. మామూలుగా అయితే ఆ గాయం రెండు రోజుల్లో మానిపోవాలి. కాని వీరిలో టి కణాలు అక్కడికి గుంపుగా చేరి, అవసరానికి మించి దాడికి దిగుతాయి. దొంగ లేకుండానే ఇంటివాళ్ళను కొట్టిన కాపలాదారులాగా మన పొర కణాలనే నాశనం చేస్తాయి. ఆ మిగిలిన గుంటే పుండు.

అందుచేత అనుమానం సహజంగానే రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువుల మీద పడింది.

నాలుగు లక్షల అరవై వేల మంది

మన శరీర కణాల్లో దాదాపు అన్నిటిలోను 46 క్రోమోసోములు ఉంటాయి. తల్లినుంచి 23, తండ్రినుంచి 23. ఒక్కొక్క వరుస 23 క్రోమోసోముల్లోను కలిపి సుమారు 300 కోట్ల అక్షరాలున్న గ్రంథం ఉంటుంది. అక్షరాలు మాత్రం నాలుగే రకాలు. మనుషులందరి గ్రంథమూ దాదాపు ఒకటే అయినా అక్కడక్కడ ఒక్కొక్క అక్షరం మారుతుంది. నోటిపూత ఉన్నవారి గ్రంథాలను, లేనివారి గ్రంథాలను లక్షల చోట్ల పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మార్పు ఎవరిలో ఎక్కువగా ఉందో తెలుస్తుంది. ఒక్కొక్క మార్పు ప్రభావం చాలా చిన్నది. అందుకే ఇలాంటి పరిశీలనకు లక్షలమంది కావాలి.

బ్రిటనులో 2006 నుంచి 2010 వరకు, 40 నుంచి 69 ఏళ్ళ వయసున్న సుమారు అయిదు లక్షల మంది తమ రక్త నమూనాలను పరిశోధనకు ఇచ్చారు. వారిని అడిగిన అనేక ప్రశ్నల్లో "గత ఏడాదిలో మీకు నోటి పుండ్లు వచ్చాయా?" అన్నదొకటి. ఈ సమాచారంలోంచి 4,61,106 మంది వివరాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2019లో తమ ఫలితాలు ప్రకటించారు. నోటి పుండ్లతో సంబంధమున్న 97 జన్యు భేదాలు బయటపడ్డాయి. వాటిని మరో 3,55,744 మంది వివరాలతో సరిచూసుకున్నారు.

అన్నిటికన్నా బలమైన సంబంధం మూడో క్రోమోసోము మీద, ఇంటర్‌ల్యూకిన్-12 తయారీలో పాలుపంచుకునే ఒక జన్యువు దగ్గర కనిపించింది. టి కణాలను దాడికి ప్రేరేపించే సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-12 ముఖ్యమైనది. ఆ చోట అక్షరం ఒక రకంగా ఉన్నవారికన్నా రెండో రకంగా ఉన్నవారిలో పుండ్లు వచ్చే అవకాశం సుమారు నాలుగోవంతు తక్కువ. మిగిలిన భేదాల్లో కూడా చాలా టి కణాల అదుపుతో ముడిపడినవే. కాపలాదారు మీద పెట్టుకున్న అనుమానం సరైనదేనన్నమాట!

బఠాణీ మొక్కల వంటిదా, మనిషి ఎత్తు వంటిదా?

మెండెల్ బఠాణీ మొక్కల కథ మీకు తెలుసు. ఒక జన్యువు, ఒక లక్షణం. నోటి పుండ్లు కూడా ఇలా ఒక్క జన్యువు తప్పడం వల్ల రావచ్చు, కాని అరుదుగా. ఏ20 అనే ప్రోటీను రోగనిరోధక మంటను చల్లార్చే పని చేస్తుంది. దీనిని తయారుచేసే జన్యువు తల్లినుంచి ఒక ప్రతి, తండ్రినుంచి ఒక ప్రతి మనకు వస్తుంది. ఒక ప్రతి పాడైతే ప్రోటీను చాలినంత తయారుకాదు. అలాంటి పిల్లలకు చిన్ననాటినుంచే పదేపదే నోటి పుండ్లు, జ్వరాలు, కీళ్ళనొప్పులు వస్తాయి. 2016లో వెలువడిన పరిశోధనతో ఈ జబ్బు గుట్టు తెలిసింది. ఈ జబ్బున్నవారి పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఆ పాడైన ప్రతి అందే అవకాశం సగానికి సగం.

టర్కీ దేశపు చర్మవైద్యుడు హులుసి బెహ్చెట్ 1937లో మరో జబ్బును వర్ణించాడు. ఇందులో నోటి పుండ్లతోపాటు కళ్ళు కూడా వాచి దెబ్బతింటాయి. జపాను నుంచి టర్కీ వరకు, పూర్వం పట్టు వర్తకులు నడిచిన దారి పొడుగునా ఇది ఎక్కువ. ఈ రోగుల్లో హెచ్.ఎల్.ఏ.-బి51 అనే జన్యురూపం ఎక్కువగా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే ఆ రూపం ఉన్నవారిలో కూడా చాలామందికి ఈ జబ్బు రానే రాదు!

మనలో ఎక్కువమందికి వచ్చే మామూలు నోటిపూత ఈ అరుదైన జబ్బుల వంటిది కాదు. అది మనిషి ఎత్తు వంటిది. ఎన్నో జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. తిండి, ఆరోగ్యం మరో చెయ్యి వేస్తాయి.

గడ్డివాము, నిప్పురవ్వ

2019 పరిశీలనలో మరో అంకె కూడా ఉంది: 8.2 శాతం. మనిషికీ మనిషికీ మధ్య నోటి పుండ్ల విషయంలో కనిపించే తేడాల్లో, ఈ సాధారణ జన్యు భేదాలు వివరించగలిగిన భాగం ఇది. మీ పుండులో 8.2 శాతం తాతయ్యది, మిగిలింది మీది అని దీని అర్థం కాదు. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క. అరుదైన జన్యు మార్పులు ఇందులో చేరలేదు. కాబట్టి జన్యువుల అసలు వాటా ఇంతకన్నా ఎక్కువే కావచ్చు. అయినా తేడా అంతా జన్యువులదే కాదని మాత్రం స్పష్టం.

పొలంలో రెండు గడ్డివాములున్నాయనుకోండి. ఒకటి బాగా ఎండింది, ఒకటి పచ్చిగా ఉంది. రెండింటి మీదా ఒకేలాంటి నిప్పురవ్వ పడింది. ఎండినది అంటుకుంది, పచ్చిది అంటుకోలేదు. ఎండిన వామి అయినా నిప్పు పడకపోతే తనంత తాను అంటుకోదు. వంశంనుంచి మనకు వచ్చేది ఆ ఎండిన గుణం. అంతేగాని మంట కాదు. నిప్పురవ్వలు వేరే ఉన్నాయి: బుగ్గ కొరుక్కోవడం, మొనదేలిన పన్ను, పరీక్షల దిగులు, కొందరు ఆడపిల్లల్లో నెలసరి రోజుల మార్పులు, కొందరికి సరిపడని తిండి. వీటితోపాటు పోషక లోపాలు.

పోషక లోపాల సంగతి గ్లాస్గో వైద్యులు 1975లో చక్కగా చూపారు. తరచు నోటి పుండ్లతో బాధపడే 130 మందికి రక్తపరీక్ష చేశారు. 23 మందిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12లలో ఏదో ఒకటి, లేదా ఒకటికి మించి లోపించాయి. ఏది లోపించిందో అది ఇచ్చారు. 15 మందికి పుండ్లు పూర్తిగా ఆగిపోయాయి. మిగిలిన 8 మందికి స్పష్టంగా తగ్గాయి.

ఈ 23 మంది "మా వంశంలోనే ఉంది" అని ఊరుకుని ఉంటే ఏమయ్యేది? బాధ ఎప్పటికీ తీరేది కాదు. నాన్న చెప్పిన బి కాంప్లెక్సు మాత్రలు కూడా ముఖ్యంగా ఆ విటమిన్ల లోపం ఉన్నవారికే పనిచేస్తాయి. ఇనుము లోపించినవారికి వాటివల్ల ఆ లోపం తీరదు. మిగిలిన 107 మందికి ఈ లోపాలేవీ లేవన్న సంగతి కూడా మరవకూడదు. అందుకే ముందు పరీక్ష, తరువాతే మందు. మన దేశంలో ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. నోరు తరచు పూస్తూ, పాలిపోయి, ఆయాసంగా ఉంటే అది అశ్రద్ధ చేయదగ్గది కాదు.

మరొక హెచ్చరిక. ఏ పుండయినా మూడు వారాలు దాటినా మానకపోతే అది మామూలు నోటిపూత కాకపోవచ్చు. ఖైనీ, గుట్కా నమిలేవారిలోను, మన కోస్తా జిల్లాల్లో కొందరు పెద్దవాళ్ళు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే "అడ్డపొగ" అలవాటున్నవారిలోను నోటి కాన్సరు మొదట మానని పుండులాగానో, గట్టి మచ్చలాగానో కనిపించవచ్చు. మీ ఇంట్లో అలాంటివారుంటే "నోరు పూసిందిలే" అననివ్వకండి. వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

మీరే చేసి చూడండి

ఒక తెల్లకాగితం మీద మీ వంశవృక్షం గీయండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. తరచు నోరు పూసేవారి గుర్తును నల్లగా నింపండి. ఇలాంటి పటాలు మీ తరగతిలో పదిమంది గీసి, తల్లిదండ్రులిద్దరికీ ఉన్న ఇళ్ళు, ఒకరికే ఉన్న ఇళ్ళు, ఎవరికీ లేని ఇళ్ళు వేరుచేయండి. ఏ ఇళ్ళలో పిల్లల గుర్తులు ఎక్కువ నల్లబడ్డాయో చూడండి. పది ఇళ్ళతో ఏమీ రుజువు కాదు. ఎందుకు కాదో మనం వేసిన 0.59 లెక్క చెబుతుంది. అయినా షిప్ మొదలుపెట్టిన దారి ఇదే.

పటం గీసేటప్పుడు నాయనమ్మను తప్పక అడగండి. పాత తరాల సంగతులు ఆమెకే గుర్తుంటాయి. "మన వంశంలో ఉంది" అని ఆమె అన్నది చాలావరకు నిజమే కావచ్చు. కాని ఆమె మొదట అన్న "ఏం చేసినా అంతే" అన్న మాట మాత్రం నిజం కాదు. ఆ సంగతి ఆమెకు మీరే నెమ్మదిగా చెప్పండి.